అమ్మమ్మ కంటికి కొట్టిన ఫ్యాను గాలి

నా చిన్నప్పుడు మా మామయ్య అంబాసిడర్‌లో స్టీరింగు పక్కన ఒక చిన్న ఫ్యాను ఉండేది. రబ్బరు రెక్కలు, కారు బ్యాటరీ మీద తిరిగేది. దానికి వేయడం, ఆపడం తప్ప వేగం తగ్గించే వీలు లేదు. దాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అమ్మమ్మకి బరంపురంలో కంటి ఆపరేషను చేసి, నల్లద్దాలు పెట్టి పంపారు. కంటికి గాలీ దుమ్మూ తగలకూడదనీ, వాంతులైతే కుట్టు ఊడిపోవచ్చనీ డాక్టరు మా అమ్మకి మరీ మరీ చెప్పాడు. అమ్మమ్మకేమో కారెక్కితేనే కడుపులో తిప్పుతుంది. అందుకని ముందు సీట్లో కూర్చోబెట్టి, అమ్మా నేనూ వెనక ఎక్కి, దుమ్ము రాకుండా కారు అద్దాలు ఎత్తేసి, మండుటెండలో అమ్మమ్మ ఊరు సోనేపూర్ బయలుదేరాం.

మామయ్య ఫ్యాను వేశాడు. గాలి నేరుగా అమ్మమ్మ కంటికి కొట్టింది. పక్కకి తిప్పుదామంటే దాని మెడ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఆపితే పెట్రోలు వాసనకి అమ్మమ్మకి డోకు వస్తోంది. కాస్త నెమ్మదిగా తిప్పరా అని కన్నకొడుకుని బతిమాలింది.

“ఫ్యానుకి నెమ్మది తెలీదమ్మా. ఉంటే ఇలాగే ఉంటాది, నేకపోతే నేదు” అన్నాడు మామయ్య నవ్వుతూ.

ఆ నవ్వుకి నాకు పిచ్చికోపం వచ్చింది. వెనక సీట్లోంచి వంగి, ఫ్యాను నడిమి బొడిపెని తువ్వాలుతో అదిమి పట్టాను. వేగం తగ్గింది కానీ మోటారు మూలిగింది, కాలిన వాసన వచ్చింది. మామయ్య నా నెత్తిమీద ఒక్కటిచ్చాడు.

అమ్మ బండి ఆపమంది. అక్కే అయినా, పెళ్ళయి వెళ్ళిపోయిన ఆడపిల్ల మాట తమ్ముడి బండిలో చెల్లదు. అయినా ఆ గొంతు విని మామయ్య ఆపాడు. పెళ్ళికి ముందు అమ్మ, తాతయ్య లైట్ల దుకాణంలో పెళ్ళిపందిళ్ళకి సీరియల్ బల్బుల దండలు కట్టేది. డిక్కీలో వెతికి, అదనంగా ఉంచిన బ్రేకు లైటు బల్బూ వైరు ముక్కలూ తీసింది.

“ఏటప్పా, ఇంజినీరింగు సదివేవేటి?” అన్నాడు మామయ్య.

“బండి నీదేరా. కన్ను అమ్మది.”

ఫ్యాను వైరొకటి తెంపి, తొక్క పళ్ళతో ఒలిచి, మధ్యలో బల్బు కలిపింది. బల్బు వేడి దేనికీ తగలకుండా ఎత్తుగా కట్టింది. తిరిగేదాన్ని చేత్తో పట్టి ఆపితే లోపల కాలిపోతుందనీ, కరెంటు వచ్చే దారిలో ఇలా ఇంకొకటి పెడితే మోటారుకి అందే కరెంటు తగ్గి దానంతటదే నెమ్మదిస్తుందనీ నాకు కసిరినట్టే చెప్పింది. బల్బు మసగ్గా వెలిగింది. ఫ్యాను నింపాదిగా తిరిగింది. ఆ పల్చటి గాలికి అమ్మమ్మ మొహం తేటపడింది. ఇంటిదాకా వాంతి కాలేదు. కన్ను దక్కింది.

అమ్మ కోపం మాత్రం తగ్గలేదు. కానీ బల్బు కడుతున్నప్పుడు ఆ కోపంలోనూ ఒక్క ముడి తప్పు వేయలేదు, అది నేను చూశాను.

ఇప్పుడు నాకూ ఒక చంటిపిల్ల ఉంది. దానికి కాస్త నలతగా ఉన్నా రాత్రంతా పక్కనే కూర్చుంటాను. పిల్లలన్నాక అంతేలే అని ఎవరైనా నవ్వి తేల్చేస్తే ఒంటికి కారం రాసినట్టుంటుంది. ఆ కోపాన్ని నేను మింగను. అలాగని ముందు కోపానికే చోటివ్వను. పిల్లకి కావలసింది చేస్తాను. అరవాల్సిన వాళ్ళ మీద అరవడం ఆ తర్వాత.