రెండు డబ్బాల్లో చింతగింజలు

మా ఊరికి కుట్టుమిషను వస్తుందని తెలిసిన రోజు నేను పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. మా అత్త ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "సముద్రం సూడాలంటే తడ దాకా పోవాల్సిన పన్లేదు, ఈడికే వచ్చేసినాది" అనింది. నాకు కోపం రాలేదు. ఆ రోజు ఎవరేమన్నా నవ్వే వచ్చేది.

పుట్టింట్లో మూడో తరగతితో నా బడి అయిపోయింది. పూతలపట్టు దారిలో ఉన్న ఈ ఊరికి కోడలిగా వచ్చాక నా చేత మళ్ళీ పలక పట్టించింది పరదేశం సొమ్ము. ఏ దేశమో మాకు తెలీదు. బడిపిల్లల ఉప్మాకు గోధుమ రవ్వ, నూనె డబ్బాలు అక్కడినుంచే వచ్చేవి కాబట్టి మా ఆడవాళ్ళందరం దాన్ని ఉప్మా దేశం అనేవాళ్ళం. ఆ ఉప్మా దేశం వాళ్ళే జీతమిచ్చి తిరుపతి నుంచి ఒక టీచరమ్మను పంపారు. ఆమె మధ్యాహ్నం బస్సుకు వచ్చి, బెల్లం వండే కొట్టంలో మమ్మల్ని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేది. పలకలకు బెల్లం అంటుకుని ఈగలు వాలేవి. మేము ఈగలకు కూడా చదువు చెప్పేశాం.

ఒకరోజు ఆ టీచరమ్మే చెప్పింది. ఉప్మా దేశం నుంచి ఒక దొరసాని వస్తుందట. మా ఆడవాళ్ళ సంఘానికి ఒక కుట్టుమిషను ఇస్తుందట. అయితే సంఘానికి ప్రెసిడెంటును ఆడవాళ్ళే ఓట్లేసి ఎంచుకోవాలి, మగవాళ్ళు చెప్పిన మనిషిని కాదు. మిషను ఆ ప్రెసిడెంటు చేతికే ఇస్తారు.

నిలబడింది ఇద్దరు. ఒకరు మా ఊళ్ళో కాన్పులన్నీ చేసే మంత్రసాని అవ్వ. ఇంకొకరు మా అత్త.

అవ్వ ఒక్కటే మాట చెప్పింది: "మిషను కొట్టంలోనే పెడతా. ముందొచ్చినోళ్ళు తొక్కండి, ఎనకొచ్చినోళ్ళు కాచుకోండి."

మా అత్తది ఇంకో లెక్క. "దానికి పసుపు కుంకుమ పెట్టి దేవునింట్లో పెడతా. మీ చేతికిస్తే వారానికే దాని కాళ్ళు ఇరగ్గొడతారు."

చిత్తూరులో గుడ్డలంగడి అరుగు మీద ఒక టైలరు మిషను తొక్కుతుంటే కదలకుండా నిలబడిపోయిన మనిషిని నేను. అప్పటినుంచి నిద్రలో కూడా నా పాదం ఆడేది. మా ఆయన, "నా కాళ్ళు రెండూ కలిపి కుట్టేస్తావా యాంది మే" అని దూరం జరిగి పడుకునేవాడు. అలాంటిది, ఆ మిషను మా ఇంట్లోనే ఉండి, నేను రోజూ దానికి దండం మాత్రం పెట్టుకోవాలా? నా ఓటు అవ్వకే అని అప్పుడే అనుకున్నాను. అత్తకు తెలిస్తే ఏమవుతుందన్నది మాత్రం ఆలోచించలేదు.

ఆ రోజు రానే వచ్చింది. జీపు దిగిన దొరసాని నూలు చీర కట్టుకుని, ఎండకు టమాటా పండులా ఎర్రబడి ఉంది. చేతులు జోడించి, "అందరూ బాగుండారా?" అనింది. ఉండారా! అచ్చం మా మాట! కొట్టం పైకప్పు ఎగిరేలా నవ్వాం. చెరుకు రసం ఇస్తే తాగి, ఇంకొక గ్లాసు అడిగి తాగింది. జీపు వెనక గోనెపట్టాలో చుట్టిన మిషను, బయటికి కనిపిస్తున్న దాని చక్రం. నా చూపు అక్కడినుంచి రాలేదు.

టీచరమ్మ రెండు ఖాళీ నూనె డబ్బాలు పీట మీద పెట్టింది. పోటీలో ఉన్న ఇద్దరూ ఒక్కో డబ్బా ముందు ఒకరు, గోడవైపు తిరిగి కూర్చోవాలి. ఎవరికి ఓటేస్తే వాళ్ళ వెనకున్న డబ్బాలో చింతగింజ వేయాలి. చేటలో గింజలు పోసి, తీసుకుని వేయండని చెప్పింది. ఒకటే తీసుకోండని చెప్పడం ఆమెకు తట్టలేదు.

మొదలైంది. గాజుల గలగల, డబ్బాలో టక్కుమని శబ్దం. మా అత్త గోడను చూస్తూనే పేర్లు చదివినట్టు చెప్పుకుంటూ పోయింది. "ఇది మిద్దింటి కోడలు, గాజులెక్కువ. ఇది మా యారాలు, ఒంటి గాజు. ఇది మా కోడలు, డజను గాజులు."

గోడవైపున్నా గాజుల చప్పుడుకే అత్తకు నేనేనని తెలిసిపోయింది. అత్త డబ్బాలో ఒకటి వేశాను, అవ్వ డబ్బాలో ఒకటి వేశాను.

లెక్క చూస్తే రెండు డబ్బాల్లోనూ సరిసమానం. దొరసాని మా తలలు లెక్కపెట్టింది. గింజలు లెక్కపెట్టింది. తలలకన్నా గింజలు రెండింతలు! ఆమె ముఖం వాడిపోయింది. ఆమె ఏదో అంటే, టీచరమ్మ తల దించుకుని, "దొంగ ఓట్లు పడినాయంటాండారు" అనింది.

"ఎవుర్నమ్మా దొంగలంటాండేది?" అని మిద్దింటి కోడలు లేచింది. "నేను రెండింట్లోనూ ఏసినా. అందరూ అట్లే ఏసినారు. పేరంటంలో ఒకామెకు తాంబూలమిచ్చి పక్కనామెను ఇడిసిపెడతామా? గోడపక్క తిరిగుంటే మాత్రం ఆమె మనిషి కాదా?"

మా అత్త తోడికోడలు, ఆ ఒంటి గాజామె, డబ్బా మీద బొమ్మ చూపించింది. దాని మీద రెండు చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. "మీ దేశమోళ్ళే ఒకరి సేయి ఒకరు పట్టుకోనుండారు సూడండి. మేమెట్ల ఇడదీస్తాము?"

టీచరమ్మ ఆ మాటలన్నీ వాళ్ళ భాషలో చెప్పింది. దొరసాని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి, నిలబడలేక బెల్లం పోసే చెక్క మీద కూలబడింది. లేవబోతే చీర రాలేదు. ఇద్దరం పట్టి లాగితే జిగురుగా సాగి, టప్పుమని వదిలింది. ఇంక ఊరు ఊరంతా నవ్వు.

కానీ కళ్ళు తుడుచుకున్నాక ఆమె గట్టిగానే చెప్పింది. అందరినీ గౌరవించడం మంచిదే, అయినా ఈ పనికి ఒక్కరిని ఎంచుకోవాల్సిందే. మీ వల్ల కాకపోతే మిషను ఏర్పేడు పక్క సంఘానికి పోతుంది. డ్రైవరు జీపెక్కి కూర్చున్నాడు కూడా.

ఈసారి టీచరమ్మ ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క గింజ పెట్టింది. గింజ చిన్నది. నా గాజులు మాత్రం డజను. నాకు ముందున్నవాళ్ళు ఎవరూ కదలడం లేదు. చక్రం వైపు ఒకసారి చూశాను. గాజులన్నీ మోచేతి పైకి తోసేసి, మీద పైట చుట్టేశాను. నన్ను చూసి నా వెనకామె తన గాజులు తోసింది, ఆమెను చూసి ఇంకొకామె. కాసేపట్లో కొట్టంలో ఏ చెయ్యీ మోగలేదు.

"ఏంది మే, సప్పుడే లేదు! అందురూ ఇండ్లకు పోయినారా?" అంది అత్త.

"ఉండారులే వదినా, గమ్మునుండు" అంది అవ్వ.

టక్. టక్. అన్నీ అవ్వ వెనకే పడుతున్నాయి. అత్త మెడ కొంచెం కొంచెంగా వంగుతూ వచ్చింది. నా గింజ కూడా అవ్వ డబ్బాలోనే పడింది. అది అన్నిటికన్నా పెద్దగా మోగినట్టు నాకనిపించింది.

అవ్వ డబ్బాలో గింజలే గింజలు. అత్త డబ్బాలో అడుగు కనిపించింది. అందరూ అవ్వను చుట్టుకుని అరుస్తుంటే, అత్త లేచి నేరుగా నా దగ్గరికి వచ్చింది. పైట తీసి చూసింది. గాజులు మోచేతి పైన బిగుసుకుని, చెయ్యి ఎర్రగా ఉబ్బి ఉంది.

"సబ్బు తెచ్చుకోపో" అంది. "లేకుంటే ఏ సేత్తో కుడతావు?"

మిషను కొట్టంలో దిగింది. మొదటి రోజు అందరికన్నా ముందు వచ్చి కూర్చున్న మనిషి మా అత్తే. మిషనుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, చక్రానికి కనకాంబరాలు చుట్టింది. అవ్వ వద్దనలేదు. తరువాత అత్త చంకలోని గుడ్డ తీసి నా ఒళ్ళో వేసింది.

"మోచేతుల దాకా రవిక కుట్టు. సరిగ్గా తొక్కు. వదులయినాదంటే, మళ్ళీ ఓట్లొచ్చినప్పుడు సెప్తా నీ పని."

నేను తొక్కాను. చక్రం వెనక్కి తిరిగింది, దారం తెగింది, కనకాంబరాలు ఎగిరి అవ్వ నెత్తిన పడ్డాయి. రవిక వదులే అయింది. అత్త దాన్నే వేసుకుని ఊరంతా తిరిగింది.