ఎర్ర అంకెల కాలిక్యులేటరు

మా తోడికోడలి చేతిలో ఎర్ర అంకెలు వెలిగే కాలిక్యులేటరు చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. అట్లాంటిది దొరికితే ఎవరికీ ఇయ్యొద్దు, నాకే ఉంచమని మార్కాపురంలో పాత సామాన్ల కొట్టు భాయికి ఏళ్ల తరబడి చెప్పిపెట్టుకున్నదాన్ని నేను. అది పోయి పోయి గిద్దలూరులో, ఇట్లాంటివి ఏరుకునే పని మొన్న మొన్న మొదలుపెట్టిన ఆమె ఒళ్లో పడింది.

నేను చదివింది మూడో తరగతి. ఆ మీదట మేకల వెంట పంపినారు. అంకెలంటే ఇష్టం మాత్రం పోలేదు. మార్కాపురంలో రాతిపలకల ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడేటప్పుడు ఆఫీసుల్లోని కుర్చీలు, ఫ్యాన్లతోపాటు చేతి కాలిక్యులేటర్లు కూడా భాయి కొట్టుకు వచ్చినాయి. విరిగిన ప్లాస్టిక్ బిందెలు ఇచ్చి ఒకటి తెచ్చుకున్నాను. బిందె పోయి బిందె వస్తుందనుకున్నారు ఇంట్లో. అట్ల మొదలైంది.

ఇప్పుడు ఒక ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. తేగానే వెనక మూత తీస్తాను. బ్యాటరీలు కారి రేకులకు పచ్చగా చిలుము పట్టి ఉంటే, ఇత్తడి చెంబుకు రుద్దినట్ల నిమ్మచెక్కతో రుద్ది, తుడిచి ఆరబెడతాను. మీటల సందుల్లో పలకల దుమ్ము ఉంటే పాత టూత్‌బ్రష్షుతో దులుపుతాను. తర్వాత వరసగా ఎనిమిదులు కొడతాను. ఎనిమిదిలో అన్ని గీతలూ ఉంటాయి గదా, ఏ గీత చచ్చిపోయి ఉన్నా పట్టిస్తుంది. ఇదంతా నాకెవరూ నేర్పలేదు. కొన్నిటిని పాడు చేసుకొని నేర్చుకున్నాను.

మా తోడికోడలు నాకంటే చిన్నది. ఒకసారి మా ఇంటికొచ్చి నా పెట్టె చూసి, "ఏందక్కా, పాత సామాన్ల కొట్టు ఇంట్లోనే పెట్టినావా?" అని నవ్వింది. ఆ నవ్విన మనిషే గిద్దలూరు పోయి తనూ ఏరుకోవడం మొదలుపెట్టింది. ఆమెకు విప్పడం రాదు, బిగించడం రాదు. అద్దాల బీరువాలో స్టీలు గ్లాసుల పక్కన గుడ్డ పరిచి నిలబెడుతుంది, అంతే. వాళ్ల వీధిలో బట్టల దుకాణం ఎత్తేస్తుంటే షావుకారు భార్య "కావాలంటే తీస్కోమ్మా" అని ఊరికే ఇచ్చిందంట, ఆ ఎర్ర అంకెలది. ఊరికే! నల్లటి ఒళ్లు, తెల్లటి మీటలు, నొక్కితే టక్కుమని శబ్దం. అంకెలు దానిమ్మ గింజల మాదిరి వెలుగుతాయి. నావన్నీ బూడిదరంగు అంకెలవి. కాస్త మబ్బు పడితే కనపడను కూడా కనపడవు.

దసరా దాటినాక ఫోన్ చేసింది.

"అక్కా, ఎర్రది పలకడం లేదు. ఒకసారి రాకూడదా?"

"ఏం చేసినావు దాన్ని?"

"ఏం చేయలే. ఆయుధ పూజకు కత్తిపీట, కుట్టుమిషనుతో పాటు దానికీ గంధం పూసి బొట్టు పెట్టినాను."

"మీటల మీదనా?"

"మరి యాడ పెట్టేది?"

"తడి గంధం సందుల్లోకి దిగదా? తెలివుందామ్మే నీకు?"

తిట్టినాను గానీ, లోపల నాకు చల్లగా ఉండింది. వెలగకపోతే ఇప్పుడది నా వాటికంటే ఎక్కువేం కాదు గదా. ఆడోళ్లకు బస్సులో టికెట్టు లేదు కాబట్టి, మరుసటి పొద్దున్నే చిన్న స్క్రూడ్రైవరు, బ్రష్షు, స్పిరిట్ సీసా సంచిలో వేసుకొని గిద్దలూరు బస్సెక్కినాను. దారంతా ఒకటే ఆలోచన. ఇక బాగు కాదని చెప్తే, పనికిరానిదని నాకే పారేస్తుంది.

వాళ్ల వరండాలో చాప మీద కూర్చొని విప్పినాను. మీటల కింద గంధం, కుంకుమ ఎండి పక్కులు కట్టినాయి. 'బాగు కాదు' అనే మాట నోటిదాకా వచ్చింది. చేతులు ఊరుకుంటే కదా. పక్కులన్నీ బ్రష్షుతో రాల్చి, దూదికి స్పిరిట్ అద్ది తుడిచి, గాలికి ఆరనిచ్చి, మళ్లీ బిగించి ఎనిమిదులు కొట్టినాను. వరస మొత్తం ఎర్రగా వెలిగింది. ఒక్క గీత కూడా చావలేదు.

"అక్కా, తినేసేటట్ల చూస్తాండావు దాన్ని," అని నవ్వింది మా తోడికోడలు. "తీస్కోపో. నీకే ఇస్తాండా."

ఏళ్ల తరబడి కోరుకున్నది నా చేతిలోనే ఉంది. సంచి పక్కనే ఉంది. పెట్టలేకపోయినాను. రేపు ఏ పెండ్లిలోనో నలుగురిలో కూర్చొని "మా అక్క దగ్గరుండేది నేనిచ్చిందే" అంటుంది. అది వెలిగినప్పుడల్లా నాకు ఆ మాటే వినపడుతుంది.

"నాకొద్దు. నీ బీరువాలోనే పెట్టుకో," అన్నాను. అని ఊరుకోలేక, "నెలకొకసారి విప్పి తుడవకుంటే మళ్లీ పోతుంది. నువ్వు మాత్రం ముట్టుకోవాకు, నేనే వచ్చి తుడుస్తా," అన్నాను. నిజానికి దానికి అంత సేవ అక్కర్లేదు.

"తుడవడానికా అక్కా, చూసుకోవడానికా?"

"కాఫీ పెడతావా, పోమంటావా?"

అప్పటినుంచి నెలనెలా పోయొస్తున్నాను. తుడిచి తుడిచి దాన్ని నిన్న కొన్నదాని మాదిరి చేసి పెట్టినాను. పోయినసారి నేను అక్కడ ఉండగానే పక్కింటామె వచ్చి బీరువాలోకి తొంగి చూసి, "అబ్బ, ఎంత శుభ్రంగా పెట్టుకున్నావమ్మా!" అని మెచ్చుకుంది, మా తోడికోడలిని.