కుండకు నూట రెండు

మా ఇంట్లో నూట రెండు అంటే కంగారు పడాల్సిన సంగతి కాదు. కోళ్ళు లోపల పెట్టొచ్చని అర్థం. నూట నాలుగంటే మాంసం పైపైన ఎర్రబడే వేడి. తొంభై తొమ్మిది అంటే బొగ్గు అంటుకుంది గానీ ఇంకా ఒళ్ళు విరుచుకుంటోంది, కాసేపు ఆగమని. ఈ కొలత మా మేనత్తది. ఆమె ఇరవై ఆరేళ్ళు ఆసుపత్రిలో ఆయాగా పనిచేసింది. జ్వరాల వార్డు. వేడి గురించి ఆమెకు తెలిసిందంతా అక్కడ నేర్చుకున్నదే.

కుండ అంటే నిజం కుండ కాదు. గుడ్డును నిలబెట్టి, పై భాగం కోసి మూతగా బిగించినట్టుండే మందపాటి పింగాణీ పొయ్యి. తయారుచేసిన వాళ్ళు కమాడో అంటారు. అడుగున బొగ్గు, కింద గాలి రావడానికి చిన్న తలుపు, పైన పొగ పోవడానికి కన్నం. ఆ రెంటినీ ఎంత తెరుస్తామన్నదే వంట. మిగతాదంతా ఉప్పూ కారం. ఎదురింటివాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తూ దాన్ని లారీ ఎక్కించబోయారు. ఎత్తబోయిన నలుగురూ నడుములు పట్టుకున్నాక, "మీకేమైనా పనికొస్తుందా" అని మమ్మల్నడిగి వెళ్ళిపోయారు.

మూత మీద గడియారం లాంటి థర్మామీటరు ఒకటుంది. దాని ముల్లు మాకొచ్చేనాటికే విరిగిపోయింది.

"ముల్లు లేకపోతే నాకు చెయ్యి లేదా?" అంది అత్త.

రిటైరైన రెండో నెలలో, వీధి మొదట్లో ఇస్త్రీ కొట్టు పక్కనున్న గది తీసుకుని, శని ఆదివారాలు కోళ్ళు కాల్చి అమ్మడం మొదలుపెట్టింది. ముందు ఒక బల్ల. వెనక ఇరుకు పెరడు. పెరట్లో రేకుల కింద కుండ. నాన్న ఆమెకు తమ్ముడు, బస్సు డిపోలో పని. ఆ రెండు రోజులూ బల్ల దగ్గర నిలబడి, కాలిన కోళ్ళు ముక్కలు కోసి పొట్లాలు కట్టేవాడు.

అత్త కుండను చూసే తీరు ఇదీ. చెయ్యి గుడ్డతో తుడుచుకుని, వేళ్ళ వెనక వైపు మూత మీద పిడికి పైన ఆనించేది. ఆ చోటును నుదురు అనేది. కళ్ళు మూసుకునేది. రెండు మూడు క్షణాలంతే. "నూటొకటిన్నర. కింది తలుపు వేలెడు తెరువు." చిన్నప్పుడు నాకు ఒళ్ళు వెచ్చబడితే చేసిందీ అదే. ఆసుపత్రి సబ్బు వాసనేసే ఆ వేళ్ళు నుదుటి మీదికి రాగానే సగం జ్వరం దిగిపోయినట్టుండేది. ఆమె చెప్పాక థర్మామీటరు పెట్టడం మా ఇంట్లో మర్యాద కాదు.

ఇంజినీరింగ్ రెండో ఏడాది మధ్యలో నేను చదువు మానేశాను. కారణాలున్నాయి, ఏదీ చెప్పుకోదగ్గది కాదు. నాన్న నాతో మాట్లాడడం మానేశాడు. అత్త మాత్రం పేరు పెట్టి పనిలోకి తీసుకుంది.

"ఒరే సగం ఇంజినీరూ, బొగ్గు జల్లించు. మిగతా సగం వచ్చాక కుండ ముట్టుకుందువు గాని."

ఆ మిగతా సగం రాకుండానే మూడేళ్ళు జల్లించాను. మళ్ళీ తిరిగి రావేమో గానీ అవి మంచి రోజులు. తెల్లవారుతుండగా బొగ్గు చిటపటలు, ఇస్త్రీ కొట్టు నుంచి తడిబట్ట ఆవిరి, రేకుల కింద అత్త గొంతు. తొంభై తొమ్మిది. నూరు. నూటొకటి.

ఒక శనివారం నాకు లేవబుద్ధి కాలేదు. ఒళ్ళంతా నొప్పులు. అత్త వచ్చి నా నుదుటి మీద చెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. మామూలు కంటే ఎక్కువసేపే ఉంచింది. ఆ సంగతి నాకు తర్వాత గుర్తొచ్చింది.

"ఏం లేదు. చల్లగా ఉన్నావు. లే, దొంగ వేషాలూ నువ్వూనూ."

ఆమె మాట మీద నాకెంత గురి అంటే, లేచి వెళ్ళాను. బొగ్గు బస్తా ఎత్తబోయి కూలబడ్డాను. నాన్న థర్మామీటరు తెచ్చి నోట్లో పెట్టాడు. నూట రెండు.

"అక్కా, వీణ్ణి కూడా కుండలో పెట్టెయ్యొచ్చు," అన్నాడు.

అత్త నవ్వలేదు. తన చెయ్యి తిప్పి చూసుకుంటోంది. వేళ్ళ కణుపుల మీద చొక్కా గుండీ అంతేసి బొబ్బలు రెండు. ఎప్పుడు కాలాయో ఆమెకే తెలియదు.

షుగరు ఎప్పట్నుంచో ఉందన్నాడు డాక్టరు. వేళ్ళలో నరాలు మొద్దుబారాయట. వేడీ చలీ ఇక తెలియవు, నిప్పును ముట్టుకోవద్దు, దూరంగా ఉండాలి అన్నాడు. బయటికొచ్చాక అత్త మూతి తిప్పింది.

"ఆ కుర్రాడికి సూది పెట్టి గుచ్చి చూడడం తప్ప ఇంకేం రాదు."

నాలుగడుగులు వేశాక ఆగి, మెల్లగా అడిగింది. "నిజంగా గుచ్చాడంటావా?"

గుచ్చాడని చెప్పాను. వేళ్ళు కొంగులో చుట్టుకుని నడిచింది.

ఆ వారమే నాన్న తేల్చేశాడు. "గ్యాస్ ఓవెన్ కొందాం అక్కా. మీట తిప్పితే వేడి వస్తుంది. చెయ్యి పెట్టి చూసే పనే ఉండదు."

"కొనుక్కో. మీట తిప్పడానికి నేనెందుకు? ఇంట్లో కూర్చుంటాను."

ఆమె ఆ మాట కోపంగా అనలేదు. అదే భయమేసింది నాకు. తర్వాతి శనివారం వచ్చింది గానీ పెరట్లోకి రాలేదు, బల్ల వెనక స్టూలు మీద కూర్చుంది. నేను కుండ దగ్గర్నుంచి "అత్తా, ఎంతుందంటావ్?" అని అరిస్తే, "నాకేం తెలుసురా, నువ్వే చూసుకో" అంది. ఆ మాట ఆమె నోట అంతకు ముందెప్పుడూ వినలేదు. నెలాఖరు దాకా చూసి ఓవెన్‌కి చెప్పేస్తానన్నాడు నాన్న.

అప్పుడే పొయ్యిల కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన ముసలాయన, ముక్కు చివర కళ్ళజోడు. బొగ్గు పొయ్యి వేడిని దానంతటదే చూసుకునే పరికరాలున్నాయని చూపించాడు. కింది తలుపుకు చిన్న ఫ్యాను బిగించాలి. లోపల తీగ పెట్టాలి. పెట్టె మీద కావలసిన వేడి నొక్కితే, తగ్గినప్పుడు ఫ్యాను ఊదుతుంది, చాలినప్పుడు ఆగుతుంది. మూడు రకాలున్నాయి. నా వయసువాడు ఏది తీసుకుంటాడో అదే తీసుకున్నాను: అన్నిటికంటే పెద్ద ఫ్యాను, అన్నిటికంటే ఎక్కువ బొత్తాలు. వారం వాడి నచ్చకపోతే తిరిగి ఇచ్చెయ్యొచ్చన్నాడు.

శనివారం పొద్దున్నే బిగించి, బొగ్గు అంటించి, నిమ్మకాయలకు బజారుకెళ్ళాను. నాన్న పెట్టె ముందు నిలబడి లోపలికి కేకేశాడు.

"అక్కా, ఎంత మీద పెట్టాలి దీన్ని?"

"నూట రెండు," అంది అత్త, అలవాటు కొద్దీ.

నాన్న నొక్కాడు. ఆ పెట్టె దృష్టిలో నూట రెండు అంటే నూట రెండే, మనిషికొచ్చే జ్వరం. బొగ్గు అంటీ అంటకముందే కుండ ఆ వేడి దాటేసింది. పని అయిపోయిందనుకుని ఫ్యాను పడుకుంది. కింద తలుపంతా ఫ్యానే మూసేసింది కాబట్టి నిప్పుకు ఊపిరాడలేదు. పది గంటలకు మూత తీస్తే కోళ్ళు అప్పుడే స్నానం చేసి కూర్చున్నట్టున్నాయి. బల్ల ముందు ఎనిమిది మంది నిలబడి ఉన్నారు.

"అక్క చెప్పిందే పెట్టాను," అన్నాడు నాన్న.

"నేను చెప్పింది మన కుండకురా. ఆ డబ్బాకు నా సంగతేం తెలుసు?"

ఆదివారం నేనే పెట్టాను. పెట్టెతో వచ్చిన పుస్తకంలో కోడికి మూడువందల యాభై అని ఉంది, అదే నొక్కాను. ఫ్యాను రయ్యిమని మొదలైంది. అత్త స్టూలు మీద నుంచే వింది.

"ఆయాసపడేవాడికి ఆక్సిజన్ అంత జోరుగా పెడతారట్రా?"

ఆమె చెప్పింది నిజమే. కుండ గోడలు మందం. వేడి ఒకసారి ఎక్కిందా, పూటకు గాని దిగదు. ఎక్కేటప్పుడే పట్టుకోవాలి. ఆ ఫ్యాను అంకె వచ్చేదాకా బలంగా ఊది, వచ్చాక ఆగింది. కుండ ఆగలేదు. కోళ్ళ తోళ్ళు బూటు రంగు తేలాయి.

సోమవారం పెట్టె తిరిగి తీసుకెళ్ళాను. ముసలాయన అంతా విన్నాడు.

"ఇన్నాళ్ళూ నిప్పు చూసిందెవరు బాబూ?"

"మా అత్తండి."

"ఆవిడ అంకెలు చూసి చేసేదా?"

"అంకెలు చెప్పేది. చూసేది కాదు."

ఆయన వంగి కింది అరలోంచి అరచేతిలో పట్టే రేకు బిళ్ళ తీశాడు. పై కన్నం మీద కూర్చుంటుంది. లోపల చుట్టలా తిరిగిన తీగ. వేడి పెరిగే కొద్దీ అది బిగుసుకుని కన్నాన్ని మూస్తూ వస్తుంది, తగ్గితే తెరుస్తుంది. కరెంటు లేదు, ఫ్యాను లేదు. ఒక ముల్లుంది, చుట్టూ ఒక్క అంకె కూడా లేదు.

"ఒకటే చిక్కు. వేడి ఏదో ముందు మీరే దీనికి చూపించాలి. కుండ మీక్కావలసిన చోటికొచ్చాక ఈ ముల్లు నిటారుగా తిప్పండి. అక్కణ్ణుంచి అదే పట్టుకుని కూర్చుంటుంది. తప్పు చూపిస్తే తప్పే నేర్చుకుంటుంది."

అడిగితే ఒక పొయ్యి థర్మామీటరు కూడా అరువిచ్చాడు. కానీ దార్లో ఆలోచిస్తే నవ్వొచ్చింది. థర్మామీటరు పెట్టి ఏం చూడాలి? మా అత్త నూట రెండు అసలు డిగ్రీల్లో ఎంతో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్కరూ కొలవలేదు, సగం ఇంజినీరుతో సహా.

అత్త బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూసింది. "దీనికి నేను చూపించాలా?" చెయ్యి ఎత్తింది. "దీంతోనా?"

నాకు మెత్తగా మాట్లాడడం రాదు. "చేత్తో కాదు. అంటురోగాలప్పుడు వార్డులో గ్లవ్స్ వేసుకునేదానివి కదా. అప్పుడెలా చూసేదానివి?"

బిళ్ళను ఒళ్ళో పెట్టుకుంది.

"రెండేసి జతలు వేసుకునేవాళ్ళం. చేతికేం తెలుస్తుంది? ఊపిరి చూసేదాన్ని."

ఆ శనివారం స్టూలు పెరట్లోకొచ్చింది. కుండకు రెండు బారల దూరంలో వేశాను. ముందు తెల్లగా, ముద్దలు ముద్దలుగా పొగ. "ఇది దగ్గురా, దీన్ని నమ్మకు," అంది. తర్వాత పల్చబడింది. కాస్త నీలం తిరిగింది. ఆ పైన పొగ కనబడడమే మానేసి, కన్నం మీద గాలి వణకడం, ఆ వెనకున్న గోడ పగులు కదలడం మాత్రమే మిగిలింది. నేను ముల్లు పట్టుకున్నాను.

"తొందరపడకు. ఇంకా ఆయాసంగానే ఉంది." మెడ ఓ పక్కకు వంచి చూస్తోంది. వార్డులో మంచం పక్కన అలాగే నిలబడేదేమో. "ఆగు. ఆగమంటున్నానా. ఆఁ, ఇప్పుడు. నూట రెండు."

ముల్లు తిప్పాను. కొట్టాయన థర్మామీటరు ఆమెకు కనబడకుండా లోపల పెట్టి ఉంచాను. రెండువందల నలభై ఎనిమిది. ఏదో కలిసొచ్చిందిలే అనుకున్నాను. ఆదివారం ముల్లు కావాలని పక్కకు తిప్పేసి, మళ్ళీ చూపించమన్నాను. రెండువందల నలభై ఐదు. పై శనివారం యాభై ఒకటి. అప్పుడు చెప్పాను.

"అంటే నాకు పరీక్ష పెట్టావా?"

"అవును."

"పాసయ్యానా?"

"అయ్యావు."

"పోనీలే. మన ఇంట్లో ఒకరైనా అయ్యారు," అని బల్ల దగ్గరున్న నాన్నకు వినబడేలా అంది. నాన్న తల ఎత్తలేదు గానీ భుజాలు కదిలాయి.

నెలాఖరు వచ్చింది. ఓవెన్ మాట నాన్న ఎత్తలేదు. ఒక సాయంత్రం డిపో నుంచి చిన్న డబ్బాలో తెల్లరంగు, సన్నటి కుంచె తెచ్చాడు. బస్సుల మీద నంబర్లు రాసే రంగు. బిళ్ళ మీద ముల్లు నిలబడే చోట మోకాళ్ళు వంచి కూర్చుని, నాలిక బయటపెట్టి, బస్సు నంబరు రాసినంత శ్రద్ధగా 102 అని రాశాడు.

"తొంభై తొమ్మిది కూడా రాయనా అక్కా?"

"అక్కర్లేదు. బద్ధకస్తులకు బోర్డెందుకు?" అంటూ నాకేసి చూసింది.

ఇదంతా నాలుగేళ్ళ కిందటి మాట. ఆ రంగు సగం రాలింది, ముల్లు మాత్రం చోటు మర్చిపోలేదు. బొగ్గు మార్చినప్పుడల్లా అత్త స్టూలు వేసుకుని మళ్ళీ చూపిస్తుంది. కొట్టాయన పొయ్యి థర్మామీటరు నేను తిరిగి ఇచ్చేశాను.

మొన్న చలికాలం నాకు జలుబు చేసి పడుకున్నాను. అత్త గదిలోకొచ్చి మంచం పక్కన నిలబడింది. చెయ్యి నా నుదుటి దాకా వచ్చి, గుర్తొచ్చి, వెనక్కి వెళ్ళిపోయింది. మెడ వంచి నా ఊపిరి చూస్తూ ఉండిపోయింది. నాకు ఆ చెయ్యే కావాలనిపించింది. అడగలేదు.

"తొంభై తొమ్మిది. లే, బొగ్గు జల్లించాలి."

ఆమె వెళ్ళాక దొంగతనంగా థర్మామీటరు పెట్టుకుని చూశాను. తొంభై తొమ్మిదిన్నర. ఆ అర సంగతి ఎవరికీ చెప్పలేదు. లేచి వెళ్ళి జల్లించాను.