విత్తనాల మందు, పుట్టు వెంట్రుకలు

దసరా సెలవులు ఇచ్చే ముందు మా పాప చదివే బడి నుంచి ఫోనుకు ఒక సందేశం వచ్చింది. సెలవుల తర్వాత పిల్లలను పంపేటప్పుడు తలలో పేలు లేవని చూసి పంపవలసిందిగా తల్లిదండ్రులకు మనవి. అంతే, ఒక్క వాక్యం. చివర నవ్వు ముఖం బొమ్మ కూడా పెట్టారు. అందులో నవ్వడానికేముందో నాకు తెలియలేదు. చదవడం పూర్తి కాకముందే నా ఎడమ చేయి దానంతటదే చెవి వెనక్కి పోయి గోకడం మొదలుపెట్టింది. నా భార్య చూసి, "నీకు గాదు, పిల్లోల్లకు రాసినారు" అంది. నిజమే. కానీ అప్పటికే ఒక పాత దసరా నా తలమీద పాకుతోంది.

అప్పటికి నాకు పెళ్లి కాలేదు. ఇంజనీరింగ్ ముగించి అనంతపురంలో డ్రిప్పు పైపులు అమ్మే ఒక కంపెనీలో కొత్తగా చేరాను. పండక్కి ఇంటికి పోయాను. మా ఊరు ఉరవకొండకు దగ్గర. వేరుశనగ తప్ప మరొకటి తెలియని మెట్ట నేల. వాన రావలసినప్పుడు రాదు. చెట్లు పీకి కాయలు కోశాక మాత్రం తప్పకుండా వస్తుంది. ఆ ఏడూ అలాగే వచ్చింది. నాయన తడిసిన కాయలన్నీ ఇంట్లోకి మోయించి పడసాలంతా, పడక గదంతా, దేవుని గూటి కిందిదాకా పరిచాడు. మనుషులు నడవడానికి గోడవారగా ఒక సన్నటి దారి మిగిలింది. తడిసిన వేరుశనగ కాయల వాసన ఎరగనివాళ్లకు చెప్పడం కష్టం. బురద వాసన, ముక్కిన గోనె వాసన, పులిసిన పిండి వాసన, ఈ మూడూ ఒకే ఊపిరిలో వస్తాయి. కుప్పలో చేయి పెడితే జ్వరం వచ్చిన ఒంటిని తాకినట్టు వెచ్చగా ఉంటుంది. మొలకెత్తిన కాయలు కాలికింద చితికి జిగురుగా అంటుకుంటాయి. ఆ జిగురుతోనే వంటింట్లోకి పోవాలి, ఆ జిగురుతోనే అన్నానికి కూర్చోవాలి.

ఆ కుప్పల మీదికి సెలవులకు పిల్లలు దిగారు. అన్న కొడుకులిద్దరు, అక్క కొడుకు ఒకడు, అక్క కూతురు మూడేళ్లది. పిల్లలను దేవుళ్లని రాసేవాళ్లు వాళ్లతో ఒకే స్నానాల గది పంచుకుని ఉండరు. పొద్దున్నుంచి రాత్రిదాకా వాళ్ల నోళ్లలో పచ్చి కాయలే. పొట్టు ఎక్కడ తింటే అక్కడే ఉమ్మడం. కడుపులు పాడయ్యాయి. వరుసగా ఒకరి తర్వాత ఒకరు తలుపు తట్టడం, లోపలివాడు రాకముందే బయటివాడు పని కానిచ్చేయడం. ముక్కు చీది గోడకు రాయడంలో అన్న పెద్దకొడుకు ఎంత నేర్పరి అంటే, పోయినేడు వేసిన సున్నం మీద వాడి ఎత్తు ఎంతో ఆ మరకలు చూసి చెప్పవచ్చు. ఓళిగల కోసం అమ్మ రుబ్బి పెట్టిన పూర్ణంలో ఎవరో చేయి పెట్టారు. ఆ చేయి అంతకుముందు ఎక్కడ ఉందో ఆలోచించినందుకు నేను ఆ పండక్కి ఓళిగ తినలేకపోయాను.

పేల సంగతి అమ్మ కనిపెట్టింది. అక్క కూతుర్ని అరుగు మీద కూర్చోబెట్టుకుని జడ వేయబోయి, దువ్వెన పైకెత్తి, ఎండకు పెట్టి చూసి, "మేయ్, సంతే ఉండాది దీని తలలో" అంది. తర్వాత మగపిల్లల తలలు చూశారు. అన్నిటిలోనూ ఉన్నాయి. ఎవరు ఎవరికి అంటించారో తేల్చడానికి అక్కా వదినా ఒకరి పిల్లల తలలు ఒకరు మళ్లీ వెతికారు. అమ్మ రెండు బొటనవేళ్ల గోళ్ల మధ్య ఒక్కొక్క పేనునూ పెట్టి నొక్కేది. టప్పుమని చిన్న చప్పుడు. ఆ చప్పుడు విని పిల్లలు కేరింతలు కొట్టేవాళ్లు. గోళ్లకంటిన నెత్తుటిని అమ్మ చీర కొంగుకు తుడుచుకుని, అదే కొంగుతో నా ప్లేటు తుడిచి పెట్టింది.

మగపిల్లల సంగతి తేలిక. మంగలిని పిలిపించి నున్నగా కత్తిరించారు. చిక్కంతా చిన్నదానితోనే. దానికి పుట్టు వెంట్రుకలు ఇంకా తీయలేదు. అవి మొదటిసారి ఇంటి దేవుని కొండ మీదే తీయాలి. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేయాలి, ఆ తర్వాతే మంగలి చేయి పడాలి. అంతవరకు ఒక్క వెంట్రుకకు కూడా కత్తెర తగలకూడదు. అక్కకు కొడుకు పుట్టిన తర్వాత రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈ పిల్ల నిలిస్తే తలనీలాలిస్తానని అక్క అత్త మొక్కుకుంది. బేసి ఏట్లోనే తీయాలి, మొదటి ఏడు ఇంట్లో చావు మైలతో పోయింది. మూడో ఏడు దాటితే ఐదో ఏడుదాకా ఆగాలి. అందుకని ఆయుధపూజ మరుసటిరోజు కొండకు పోవడానికి అక్క అత్త ముహూర్తం పెట్టించింది. ఆమెకు ఆ వెంట్రుకలంటే వెంట్రుకలు కాదు, దేవునికి తనిచ్చిన మాట. అక్క ఆ ఇంట్లో తల ఎత్తుకుని తిరగాలంటే ఆ జుట్టు కొండదాకా చెక్కుచెదరకుండా పోవాలి. అంతవరకు దాని తల మీద పేలు నిశ్చింతగా సంసారం చేసుకోవచ్చు. అక్క కొడుకుకు అన్న కూర్చున్నాడు, ఈసారి వంతు నాది. ఆ తలే ఇంకో రెండు రోజుల్లో నా ఒళ్లోకి రావాలి.

ఇదంతా నాయన గడప మీద కూర్చుని చూస్తున్నాడు. నాయన తక్కువ మాట్లాడే మనిషి. ఏ విషయాన్నైనా చేను వైపు నుంచే ఆలోచిస్తాడు.

ఆయుధపూజ రోజు పొద్దున అమ్మ వంటింట్లో ఉంది, అక్క బట్టలు ఉతుకుతోంది, నేను బోరు స్టార్టరు పెట్టె తుడిచి బొట్లు పెడుతున్నాను. చిన్నది వచ్చి నా పక్కన నిలబడింది. తలకు నాయన తుండుగుడ్డ తలపాగాలాగా బిగించి ఉంది. "మామా, తాత కట్టినాడు" అంది గొప్పగా. దాని చెవి పక్కనుంచి చెమటతో కలిసి ఒక గులాబీ రంగు చార బుగ్గ మీదికి దిగుతోంది. నాలుక చాపి దాన్ని అందుకోవడానికి చూస్తోంది. ఆ రంగు నాకు తెలుసు. విత్తే రోజుల్లో మా వాకిలంతా ఆ రంగే. వేరు పురుగు పట్టకుండా వేరుశనగ విత్తనాలకు పట్టించే మందు పొడి రంగు అది.

దాని మూతి నా చొక్కాతో తుడిచి, ఎత్తుకుని పరిగెత్తాను. "నాయనా, దీని తలకేం పూసినావు?"

"ఇత్తనాలకేసే మందే. రోంత."

"మనిషికి పూస్తారా అది?"

"వేరుకాడ చేరే పురుగుకు అదే గదప్పా మందు. ఇత్తనానికేసే దాంట్లో పావు గూడ ఎయ్యలేదు. అర్ధగంట కట్టి ఇడిస్తే సాలు." అంత జాగ్రత్తగా మోతాదు తగ్గించానన్న తృప్తి ఆయన ముఖంలో ఉంది.

డబ్బా తెచ్చి చూపించాను. పసుపు రంగు ముక్కోణం, దాని పైన విషమని రాత. "ఇన్నేండ్లుగా ఈ చేతుల్తోనే కలుపుతాండా, నాకేమైంది?" అన్నాడు నాయన. అంటూనే తన చేతులు తిప్పి చూసుకున్నాడు.

తుండుగుడ్డ విప్పితే లోపల చూడరాని దృశ్యం. పొద్దున అమ్మ దాని తలకు ఆముదం బాగా పట్టించింది. ఆముదమూ పొడీ కలిస్తే పొడి పొడిగా ఉండదు, పూత అవుతుంది. ఆ పూతలో పేలు కొన్ని చచ్చి అతుక్కుని ఉన్నాయి, కొన్ని ఇంకా కాళ్లాడిస్తున్నాయి. తొట్టి దగ్గర కూర్చోబెట్టి నీళ్లు పోశాం. మా బోరు నీళ్లకు సబ్బు నురగ రాదు. విరిగిన పాలలాగా తెల్లటి తరకలు కట్టి, వెంట్రుకలకు ఇంకో పొర అంటుకుంటుంది. ఎంత రుద్దితే అంత జిడ్డు. చిన్నది ఏడుస్తోంది, ముక్కు నుంచి వచ్చేదీ తలమీద నుంచి వచ్చేదీ కలిసి కారుతున్నాయి. నాయన లోపలికి పోయి, తాగడానికి కొన్న మంచినీళ్ల క్యాన్లు భుజాన పెట్టుకుని తెచ్చాడు. ఆ రోజుకు ఇంట్లో ఉన్న మంచినీళ్లు అవే. ఎవరూ అడగకముందే మూత తీసి పోశాడు. పై రంగు వదిలింది గానీ కుదుళ్ల దగ్గరి పూత కదల్లేదు.

నేను కత్తెర తెమ్మన్నాను. అక్క నా చేయి పట్టుకుంది. "కత్తెర పెట్టొద్దురా. మా యత్త నన్ను బతకనీదు. మొక్కుబడి ఎంట్రుకలురా అవి."

"ఒగ దినం ఆగితే నీ కూతురు ఉంటాదో లేదో చెప్పలేను అక్కా. అది చర్మంలోకి ఇంకుతాంది."

అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. అందరం అమ్మ వైపు చూశాం. అమ్మ చేతికున్న పూర్ణం కడుక్కుని వచ్చింది. "మేనమామే గదమ్మా వాడు. ఆడైనా మొదటి కత్తెర వానిదే. అబ్బీ, తూరుపుకు తిరిగి కూకో. దాన్ని ఒళ్లో పెట్టుకో" అంది. దేవుని గూట్లో దీపం వెలిగించి, కొబ్బరికాయ కొట్టి, ఒక పళ్లెం తెచ్చి దాని తల కింద పట్టింది.

బండ మీద కూర్చున్నాను. జిడ్డుతో, విషంతో, చీమిడితో తడిసిన పిల్లను ఒళ్లో పెట్టుకున్నాను. కత్తెర మూటల పురికొస కత్తిరించేది. కుదురు దాకా కత్తిరిస్తూ పోయాను. ఒక్కొక్క పాయ తెగినప్పుడల్లా అందులో బతికున్నవి నా మణికట్టు మీదికి దిగి చొక్కా చేతిలోకి పోతున్నాయి. విదిలించడానికి చేయి ఖాళీ లేదు. ఒక్క వెంట్రుక కూడా నేల మీద పడకుండా అమ్మ పళ్లెం తిప్పుతోంది. పసుపు గుడ్డలో మూట కట్టి దేవుని గూట్లో పెట్టబోయింది. "అమ్మా, అది విషం" అన్నాను. "దేవునికి తెలీదా?" అంది. చివరికి ముందు ప్లాస్టిక్ కవరు, దానిపైన పసుపు గుడ్డ అని ఒప్పందానికి వచ్చాం.

మిగిలింది తుడిచి, డబ్బా సంచిలో వేసుకుని, పిల్లనూ అక్కనూ బండి మీద ఎక్కించుకుని ఉరవకొండ ఆసుపత్రికి పోయాను. డాక్టరు డబ్బా చదివి, "చేనుకేసేది పిల్లకేస్తారా?" అని మొదట తిట్టి, తర్వాత చూశాడు. చూస్తుండగానే చిన్నది నా ఒళ్లో వాంతి చేసుకుంది. అక్క కెవ్వుమంది. డాక్టరు ముఖం మారింది. నా ప్యాంటు మీదికి వంగి, పుల్లతో కదిపి జాగ్రత్తగా పరిశీలించి, "ఇవి శెనక్కాయలమ్మా. అన్నీ పచ్చియే" అన్నాడు. అక్క ఏడుస్తూనే నవ్వింది. నేను ప్యాంటు కేసి చూసుకోలేక కిటికీలోంచి కొండ కేసి చూశాను. సాయంత్రం దాకా ఉంచుకుని, ఏమీ లేదని పంపాడు.

ఇంటికొచ్చేసరికి నాయన, ఆ డబ్బా ఉండే చోట మిగిలిన పురుగుమందులన్నీ తీసి మోటారు గదిలో పెట్టి తాళం వేశాడు. చేతులు కడుక్కుంటున్నాడు. ఆ రోజంతా కడుక్కుంటూనే ఉన్నాడని అమ్మ చెప్పింది.

మర్నాడు అక్క అత్త వచ్చింది. అక్క వంటింటి తలుపు వెనక నుంచి బయటికి రాలేదు. ఆమె చిన్నదాని తలమీది గుడ్డ తీసి చూసింది. ఎలుకలు కొరికిన గడ్డివాములాగా ఉంది ఆ తల. ఇంట్లో కాయల మీద నడిచే పిల్లలు కూడా ఆగిపోయారు.

"ఎవురు తీసింది?"

"నేనే అత్తా."

"ఒళ్లో కూకోబెట్టుకున్యావా?"

"కూకోబెట్టుకున్యా."

"ఎంట్రుకలు నేల మింద పన్నాయా?"

"ఒగటి గూడ పల్లేదు వదినా" అంది అమ్మ, మూట చూపించి. ఆమె ముడి విప్పి వాసన చూసి, ముక్కు మూసుకుని మళ్లీ కట్టేసింది. చిన్నదాన్ని చంకనెత్తుకుని దాని ముఖమంతా తడిమింది. "పిల్ల ఉండాది గదా. మొక్కింది పిల్ల కోసమే గానీ ఎంట్రుకల కోసమా? మిగిలింది కొండ మింద గీకుతారు" అంది. తలుపు వెనక అక్క వెక్కిళ్లు వినిపించాయి. ఆమె నాయన వైపు తిరిగింది. "ఏమన్నా, ఇత్తనాలు బాగ శుద్ధి చేసినావంటనే. మొలక ఎప్పుడొస్తాదో చెప్పు, నీళ్లు కట్టల్ల."

నాయన నవ్వాడు. నవ్వు సగంలోనే తుండుగుడ్డ ముఖానికి పెట్టుకున్నాడు.

కొండ మీద మంగలి చిన్నదాని తల నున్నగా గీసి, గంధం పూశాడు. మూట దేవునికి చేరింది, దాంట్లో ఉన్నవాటితో సహా. తర్వాత నేను అదే పీట మీద కూర్చున్నాను. ఆ పొద్దున అద్దంలో నా చెవి పైన ఒకటి నడుస్తూ పోవడం కళ్లారా చూశాను. "ఏం మొక్కుబడన్నా?" అని అడిగాడు మంగలి భక్తిగా. నేను కళ్లు మూసుకుని తల వంచాను. నన్ను చూసి అక్క అత్త రెండు చేతులెత్తి దండం పెట్టింది. మామా కోడలూ నున్నటి గుండ్లతో నిలబడిన ఆ ఫోటో ఇప్పటికీ మా పడసాలలో ఉంది. చుట్టాలకు నా దైవభక్తి గురించి అమ్మ చెప్పే మాటలన్నిటికీ అదే ఆధారం.

మొన్నటి దసరాకు మళ్లీ ఊరికి పోయాం. అక్క కూతురు ఇప్పుడు నాకు భుజం దాకా వచ్చింది. జడ నడుం దాటింది. అరుగు మీద మా పాపను కాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, పేల దువ్వెనతో దువ్వి, దొరికినదాన్ని గోళ్ల మధ్య పెట్టి నొక్కింది. అదే టప్పుమనే చప్పుడు. "ఇంగోటి మామా! సూడు ఎంత బలిసిందో" అని నా ముఖం దగ్గరికి చేయి తెచ్చింది. నా చేయి మళ్లీ చెవి వెనక్కి పోయింది. గడప మీద కూర్చున్న నాయన ఆ చప్పుడుకు మెల్లగా లేచి, కర్ర తీసుకుని, పని లేకపోయినా చేను వైపు పోయాడు. ఆ మందు పూసిన రోజు నుంచి ఆయన ఏ పిల్ల తల మీదా చేయి పెట్టలేదు. దీవించమన్నా భుజం తట్టి ఊరుకుంటాడు. ఎవరూ ఆయన్ను ఏమీ అనలేదు, పిల్లకైతే గుర్తు కూడా లేదు. కాలం కూడా మా బోరు నీళ్లతోనే కడుగుతుందేమో. ఎన్నేళ్లు పోసినా నురగ రాదు, కుదురు దగ్గరిది వదలదు.