తూటాకి చెప్పిన వాషరు కథ

మోటారు మావయ్యలో వంక పెట్టడానికి ఒక్కటే ఉంది. ఆయన నోరు విప్పితే ఎదుటివాడు నిద్రపోతాడు. వీధి వీధంతా ఒప్పుకున్న సంగతి ఇది. నీళ్ల మోటార్లు బాగుచేయడం ఆయన వృత్తి. ఆ వృత్తిలో ఆయనకు దొరికిన కథ ఒకే ఒక్కటి. ఏదో మోటారుకు రబ్బరు వాషరు కావలసి వచ్చి, సైకిలెక్కి సామాన్ల కొట్టుకు బయల్దేరడం. బయల్దేరడమే గాని ఇంతవరకూ ఆ కొట్టుకు చేరింది లేదు. దారిలో టైరులో గాలి తగ్గుతుంది. గాలి కొట్టే పంపు ఎవరిదన్న చర్చ వస్తుంది. ఆ పంపు పిడి నల్లదా, ఆకుపచ్చదా అన్న అనుమానం వస్తుంది. అది తేలేలోగా వినేవాడి గడ్డం గుండెల మీదకు వాలిపోతుంది.

ఒకసారి క్షవరం చేయించుకుంటూ మొదలుపెట్టాడు. చేతిలో కత్తి ఉండగానే మంగలి తూగిపోయాడు. వెనక బల్ల మీద కూర్చున్నవాళ్లు చూసి లేచి పట్టుకున్నారు కాబట్టి మావయ్యకు చెవి మిగిలింది. ఆ తర్వాత ఆ మంగలి పెట్టిన షరతు ఒకటే. "కత్తి కింద పెట్టేదాకా ఆ సైకిలు ఎక్కకండి బాబూ."

ఆయన మేనకోడలు బట్టలు కుడుతుంది. ఇంటి ముందుగదే ఆమె కొట్టు. మావయ్య వీధి మలుపు తిరగడం కిటికీలోంచి కనబడితే చాలు, గుడ్డ ఉన్నా లేకపోయినా మిషను గడగడా తొక్కేసేది. ఆ మోతలో ఆయన కాసేపు నిలబడి, గోడలకేసి చూసి, వెళ్లిపోయేవాడు.

ఆమెకో కుక్క ఉంది. పేరు తూటా. పేరు పెట్టినవాళ్లకి దండం పెట్టాలి. అది నడవగా చూసినవాళ్లు లేరు. గుమ్మంలోంచి కిటికీకి, కిటికీలోంచి గుడ్డలు కత్తిరించే బల్ల మీదకు, అక్కణ్నుంచి వచ్చినవాళ్ల ఒళ్లోకి. అలాంటిది ఉన్నట్టుండి దగ్గడం మొదలుపెట్టింది. రెండు గెంతులేసి ఆయాసపడి కూలబడేది. ఆమె ఎత్తుకుని పశువుల డాక్టరు దగ్గరకు పరుగెత్తింది.

రక్తపరీక్ష చేసి, ఎక్స్‌రే తీసి, డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. దోమ కుట్టినప్పుడు లోపలికి చేరే పురుగు అది. దారపు పోగుల్లాంటి పురుగులు గుండెలోనూ, ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళాల్లోనూ పెరుగుతాయి. ముందు మాత్రలు, తర్వాత నడుం దగ్గర కండలోకి సూది, కొంత విరామమిచ్చి మళ్లీ సూదులు.

"మందు పురుగుల్ని చంపుతుందమ్మా. అసలు ప్రమాదం అప్పుడే. చచ్చిన ముక్కలు ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటాయి. ఆ సమయంలో ఇది పరిగెత్తిందా, గెంతిందా, ప్రాణం పోవచ్చు. నెలల తరబడి కదలకుండా ఉంచాలి."

"ఇది నిద్రలో కూడా పరిగెత్తుతుంది డాక్టరు గారూ," అంది మేనకోడలు.

"అయితే ఆ నిద్రకి కూడా కాపలా కాయండి," అంది డాక్టరమ్మ నవ్వకుండా.

సరే, కాస్తానంది. పట్టుదలలో ఆమెది మావయ్య రక్తమే. కుక్కను ముందుగదిలో కట్టింది. కత్తెర చప్పుడైతే అది లేచేది. మిషను కదిలితే లేచేది. గుడ్డ పట్టుకుని వచ్చిన ప్రతివాళ్లూ దానికి ప్రాణస్నేహితులే. మత్తుకిచ్చిన మాత్రను బుగ్గన దాచుకుని, ఆమె అటు తిరగ్గానే చెప్పులో ఉమ్మేసేది. చివరికి ఆమే మిషను ఆపేసి, కస్టమర్లతో గుమ్మం బయటే మాట్లాడి పంపేస్తూ, దాని పక్కన నేల మీద కూర్చుంది. చావనివ్వనే చావనివ్వను, ఎవరితో చెప్పుకుంటావో చెప్పుకో అని దానికి చెప్పింది. అది తోకాడించి గెంతబోయింది.

మిషను ఆగిపోయింది కదా, మోటారు మావయ్య నిరాటంకంగా లోపలికొచ్చేశాడు. స్టూలు లాక్కుని కూర్చుని వాషరు అరిగిన సంగతి ఎత్తుకున్నాడు. ఆమె తల పట్టుకుంది. ఆయన సైకిలెక్కాడు. తూటా చెవులు వాలాయి. టైరులో గాలి తగ్గింది. తూటా నేల మీద సాగిలపడింది. పంపు పిడి రంగు దగ్గరకొచ్చేసరికి గుర్రుపెట్టింది.

మేనకోడలు నోరు తెరిచింది. "మావయ్యా, ఆపకు."

ఆ మాట ఆయనతో అన్నవాళ్లు ఇంతవరకూ లేరు. ఆశ్చర్యంలో నోరు ఆగిపోయింది. తూటా ఒక చెవి లేపింది.

"ఆపకన్నానా," అంది ఆమె పళ్లబిగువున.

ఆ రోజునుంచి ఆయన రోజూ మధ్యాహ్నం హాజరు. మోటార్లన్నీ పొద్దున్నే ముగించుకుని వచ్చేవాడు. మాత్రలు అయ్యాయి, మొదటి సూది అయింది, మిగతా సూదులూ అయ్యాయి. ఆఖరి సూది తర్వాత దగ్గు మళ్లీ తిరగబెట్టింది. డాక్టరమ్మ మందు మార్చింది. ఈ వారం గట్టెక్కితే గట్టెక్కినట్టే, రాయిలా పడి ఉండాలంది.

సరిగ్గా అప్పుడే మావయ్య గొంతు పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట లేదు. అదే సమయానికి వీధిలోకి చెత్తబండి వచ్చింది, తూటా తాడు లాగుతూ దగ్గు మొదలుపెట్టింది. మేనకోడలు దాన్ని ఒళ్లో అదిమి పట్టుకుని తనే వాషరు కథ ఎత్తుకుంది. కంఠతా వచ్చిన కథే. కానీ కంగారులో సైకిలు దాటిపోయి నేరుగా కొట్టుకు చేరిపోయింది.

"వెళ్లి చూస్తే ఏముంది, కొట్టు తలుపు తెరిచే ఉంది," అంది. తూటా తలెత్తింది.

మావయ్య రెండు చేతులూ ఊపాడు. "తలుపు తీసెయ్," అని గుసగుసలాడాడు.

"తలుపు లేని కొట్టు ఉంటుందా?"

"కొట్టు కూడా తీసెయ్. సైకిలు దిగకు. ముందేం జరుగుతుందో అనిపించిందా, వినేవాళ్లు మేలుకుంటారు."

ఆమె వెనక్కి తిప్పుకుని సైకిలెక్కింది. మెల్లగా తొక్కింది. పంపు పిడి నల్లదంది, కాదు ఆకుపచ్చదంది. దగ్గు తగ్గింది. శ్వాస కుదుటపడింది. అప్పుడు అడిగింది, ఇంతకీ కొట్టులో ఏం జరిగిందని.

"దొంగ ఉన్నాడు. నన్ను చూసి గోతాంలో దూరాడు. నాకు తెలియక దాని మీదే కూర్చుని, కొట్టువాడు లోపలున్నాడనుకుని పావుగంట బేరమాడాను," అన్నాడు మావయ్య గుసగుసగా. "వాషరు ధర గోతాంలోంచే తగ్గించాడు."

ఆమెకు పొట్ట చెక్కలయ్యే నవ్వొచ్చింది. తూటా లేస్తుందేమోనని చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

సాయంత్రం బొత్తాలు కుడుతున్న తల్లిని నిలదీసింది. ఇంత మంచి కథను ఈయన ఎందుకు పాడుచేస్తున్నాడని.

"నా వల్లే," అంది తల్లి. "నాకు పొట్ట ఆపరేషనైనప్పుడు మీ మావయ్య పక్కన కూర్చుని ఆ దొంగ కథ చెప్పాడు. అంతకుముందు వాడు నోరు విప్పితే ఇంటిల్లిపాదీ పడి పడి నవ్వేవాళ్లం. నవ్వితే కుట్లు ఊడతాయని నర్సు వాడికి చీవాట్లు పెట్టింది. పోనీ వెళ్లిపోవచ్చుగా, వెళ్లలేదు. నవ్వొచ్చే ముక్కలన్నీ ఒక్కొక్కటే ఏరేసి చెప్పాడు. నొప్పికి కన్ను మూతపడనిదాన్ని, హాయిగా నిద్రపోయాను. అప్పట్నుంచీ ఎవరి మొహం వాడిపోయి కనబడినా వెళ్లి కూర్చుంటాడు."

మేనకోడలికి మంగలి తలపుకొచ్చాడు. అప్పట్లో అతను ఇంట్లో జబ్బుమనిషిని పెట్టుకుని ఎన్నాళ్లనుంచో నిద్ర లేకుండా ఉన్నాడు. తను గుడ్డ లేకుండా మిషను తొక్కిన రోజులు గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది.

తూటా గట్టెక్కింది. ఆ దగ్గు చూశాక తొందర వద్దని, మళ్లీ రక్తపరీక్ష చేసేదాకా గెంతులు మాన్పించింది డాక్టరమ్మ. నెలలు గడిచాక పరీక్ష చేసి, పురుగు జాడ లేదంది. ఊపిరితిత్తులు విని, తూటా వీపు తట్టింది. "ఇక పరిగెత్తనివ్వండి."

మేనకోడలికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కుక్కను తీసుకుని బయటికొస్తే, వెంట వచ్చిన మావయ్య కనబడలేదు. వెతికితే ఆస్పత్రి ముందుగదిలో మూలబల్ల మీద ఉన్నాడు. పక్కన ఎవరో పెద్దమనిషి, ఒళ్లో ఖాళీ మెడపట్టీని అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఆయన కుక్కకూ అదే జబ్బు, అప్పుడే మొదటి సూదికి లోపలికి తీసుకెళ్లారు. మావయ్య బల్ల మీద దగ్గరగా జరుగుతున్నాడు.

"మావయ్యా, కుక్క లోపలుంది కదా," అంది ఆమె చెవిలో.

"దానికి డాక్టరమ్మ ఉంది. ఈయనకెవరున్నారు?" అన్నాడు మావయ్య.

ఆమె తలుపు చప్పుడు కాకుండా మూసి, ఆస్పత్రి వెనక ఖాళీ స్థలంలోకి నడిచింది. తూటా తాడు విప్పింది. అది ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది, నిజంగానేనా అన్నట్టు.

"పో," అంది ఆమె.