ప్రమాణం చేసిన తర్వాత

మా ఆయనకు లివరు చెడిందని చెప్పిన డాక్టరు, ఇంకోసారి తాగితే తన దగ్గరికి తీసుకురావద్దని కూడా చెప్పాడు. పక్కనే నిలబడి ఆయన బుద్ధిమంతుడిలా తల ఊపారు. మాది తిరుపతిలో గుడి కైంకర్యం చేసే వైష్ణవుల ఇల్లు. ఉల్లిపాయ కూడా గడప దాటని ఆ ఇంట్లోకి బ్రాందీ మాత్రం రోజూ వచ్చేది, ఆయన కడుపులో కూర్చుని.

వార్డులో సూదులు వేసే నర్సమ్మ నన్ను వరండాలోకి పిలిచింది. "రేణిగుంటలో సర్చి ఎనకాల ఒక గది ఉండాదక్కా. తాగుడు మానాలనుకునేటోళ్ళు ఆదివారం సాయంత్రం ఆడ కూసుంటారు. పేరు కూడా అడగరు," అంది. ఎనభైల మొదట్లో అలాంటిదొకటి ఉందని మా వీధిలో ఎవరికీ తెలియదు.

ఆ ఆదివారం ఇద్దరం రేణిగుంటలో బస్సు దిగాం. తాగుబోతులు ఎక్కడ కూర్చుంటారని నోరు తెరిచి ఎలా అడుగుతాం? చర్చి ఎక్కడని అడిగాను. నుదుట నామం పెట్టుకున్న మనిషిని వెంటబెట్టుకుని నేను ఆ మాట అడిగితే, టీ కొట్టతను ఇంకేమీ అడగకుండా చెయ్యి చూపించాడు. అలా చాలామందికి చూపించి ఉంటాడు.

రేకుల గది, రెండు బెంచీలు. రైల్లో గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన అందరికీ టీ పోస్తున్నాడు. మగవాళ్ళు లోపల, వెంట వచ్చిన ఆడవాళ్ళం బయట మెట్ల మీద. కిటికీలోంచి అన్నీ వినిపించేవి. ఒక్కొక్కరే లేచి తమ తాగుడు సంగతి చెప్పుకుని, చివర "ఈ పొద్దు తాగను" అనేవారు. అంతే. రేపటి మాట ఎవరూ ఎత్తేవారు కాదు.

ఒక వారం లారీ డ్రైవరొకడు ముందురోజు తాగేశానని ఏడుస్తూ వచ్చాడు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. పైగా టీ ఇచ్చారు! నాకు ఒళ్ళు మండి, ఇదేం మర్యాదని గార్డును నిలదీశాను.

"మళ్ళా ఈడికే వచ్చినాడు గదమ్మా, అది సాలు. తప్పినోడు పోడు. తప్పి, రాకుండా నిలిసిపొయ్యేటోడే పోతాడు," అన్నాడు.

కొన్ని నెలలు మా ఇంట్లో అన్నం సంతోషంగా తిన్నాం. ఆయన చేతుల వణుకు తగ్గింది. అంతలో చర్చి సంగతి అత్తయ్య చెవిన పడింది.

"మనకు దేవుడు కరువైనాడా, సర్చి గోడకింద కూసుండేదానికి? కాణిపాకం పోదాం రా నాయనా. ప్రమాణం సేస్తే జన్మలో ఆ పీడ ఉండదు."

మా జిల్లాలో అబద్ధం తేలాలన్నా, వ్యసనం మానాలన్నా కాణిపాకమే. స్నానం చేసి తడిబట్టలతో వినాయకుడి ముందు ప్రమాణం చేస్తే ఆ మాట తప్పడానికి ఎవరికీ ధైర్యం చాలదు. శివుడి గుడి మెట్టు ఎన్నడూ ఎక్కని అత్తయ్య, కొడుకు కోసం శివుడి కొడుకు దగ్గరికి బయలుదేరింది. ఆ మాట తప్పితే ఏమవుతుందోనని నాకు భయం పట్టుకుంది.

గార్డుకు చెప్తే ముఖం నల్లబడింది. "వద్దమ్మా. ఈ పొద్దుకు సెప్పిన మాట తప్పితే రేపు మళ్ళా సెప్పుకోవచ్చు. జన్మకంతా సెప్పి తప్పితే మనిషి యాడికి పోతాడు?"

ఆ మాట ఇంట్లో చెప్పాను. ఆయన నవ్వారు. ఒకేసారి తెంచేసుకుంటే ఆదివారాల పీడా పోతుందన్నారు. తడిపంచెతో ప్రమాణం చేసి వచ్చి, ఆ రోజు మూడుసార్లు పాయసం పోయించుకున్నారు. రేణిగుంట వెళ్ళడం మానేశారు.

తర్వాత తడ ఊళ్ళో ఒక పెళ్ళిలో ఎవరో బలవంతం చేస్తే అరగ్లాసు తాగారు. తూలలేదు, గొడవ చేయలేదు. ఇంటికొచ్చి తనే నాతో చెప్పి, గోడకు ఆనుకుని కూర్చున్నారు.

"ఆదివారం రేణిగుంట పోదాం," అన్నాను.

"ఆడికి పోతే ఏమొస్తాది? ఆ సామి ఊరుకుంటాడా?" అన్నారు.

అక్కణ్ణుంచి మా ఇంట్లో ఏం జరిగినా శిక్షే. కాలు బెణికితే శిక్ష, పాలు విరిగితే శిక్ష. పెద్ద శిక్ష ఇంకా రాలేదని ఎదురుచూస్తూ, ఆ ఎదురుచూపు భరించలేక మళ్ళీ తాగారు. ఈసారి ఆపలేదు.

గార్డు వెతుక్కుంటూ ఇంటికొచ్చాడు. మా ఆయన గది తలుపు తీయలేదు. గార్డు తలుపు దగ్గరే నిలబడి, "సామీ, నేనెన్ని తూర్లు తప్పినానో నాకే లెక్క లేదు. తప్పినప్పుడల్లా ఆ గదికే వచ్చినా. రా సామీ," అన్నాడు.

లోపల్నుంచి, "నువ్వు కాణిపాకంలో ప్రమాణం సేసినావా?" అన్న మాట వినిపించింది.

వానలు పట్టకముందే ఆయన పోయారు. లివరు అని డాక్టరు రాశాడు. అత్తయ్య మాత్రం గుండెలు బాదుకుంటూనే, "సత్యమైన దేవుడు. తప్పినోణ్ణి ఇడిసిపెట్టలేదు," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. ఆయన్ను దేవుడు చంపలేదు. దేవుడి మీద ఆ నింద వేస్తే నేను ఇప్పటికీ ఊరుకోను. తప్పినవాడికి తిరిగి వచ్చే దారి లేకుండా చేసింది మేమే, మా భక్తితో.

మా ఆయన కథ ఊరంతా పాకింది. ఏడాది తిరగకముందే ఎదురింటామె తాగే తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చి, కాణిపాకానికి ఏ రోజు మంచిదని అత్తయ్యను అడిగింది. నేను అడ్డం పడి రేణిగుంట గది సంగతంతా చెప్పాను. ఆ అబ్బాయి నావైపు తిరిగి శ్రద్ధగా విన్నాడు.

వాళ్ళక్క గోడమీది మా ఆయన ఫొటోకు దండం పెట్టి, "ఈయన్నే ఆ సామి వదల్లేదంటే ఎంత మహిమో సూడ్రా!" అంది.

మర్నాడు పొద్దున్నే అక్కాతమ్ముళ్ళిద్దరూ కాణిపాకం బస్సెక్కారు.