పాత్ లైనులో పాతవాళ్ళు

ఎనభైల చివర్లో గుంటూరులో ఓ మిర్చి కొట్టు కంప్యూటరుకు నేనే దిక్కు. జిల్లాకే మేధావినని నా నమ్మకం. ప్రోగ్రాములు తయారుచేసే కొత్త కంపైలర్ ఎక్కించి దాని పేరు కొడితే, అలాంటి కమాండే లేదంది. ప్రోగ్రాములు ఎక్కడున్నాయో చెప్పే పాత్ లైను చెరిపేసి, కొత్తదాని చోటు రాశాను. మిషన్ ఆపి మళ్ళీ వేశాక, పిలవగానే పలికింది.

నేను మీసం దువ్వుకునేలోగా గుమాస్తా బిల్లుల ప్రోగ్రాంను పిలిచాడు. అదెవరో తెలియదంది కంప్యూటరు. బయట బిల్లు కోసం లారీ హారన్ కొడుతోంది. ఘాటుకో భయానికో నేను తుమ్మిన తుమ్ములకు పెదకాకాని గుళ్ళో గంటలు మోగాయి.

సంగతి చెబితే యజమాని, “ఏమండోయ్, కొత్తల్లుడొచ్చాడని పాతల్లుళ్ళని గెంటేశారా?” అన్నారు.

పాతవాళ్ళనీ లైనులో చేర్చాక లారీ కదిలింది. ఆనాటి నుంచి కొట్లో అందరికీ నేను మామగారినే. అప్పటికి నాకింకా పెళ్ళే కాలేదు.